ముత్యంతో వచ్చిన గడ్డిమోపు

అనగనగా అని నేనంటే మీరు ఊఁ అనాలి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే నా కథ నడవదు. అన్నారా? సరే, వినండి.

అనగనగా తామ్రకోట అనే రాజ్యం. దాని రాజు చిత్రసేనుడు తన కొడుక్కి పొరుగు రాజకుమారి కువలయను అడిగాడు. ఆ పిల్ల సామాన్యురాలు కాదు. అవుననలేదు, కాదనలేదు. తను ప్రాణంగా పెంచుకున్న తెల్ల కుందేలు ముత్యాన్ని ముందుగా పంపింది.

"మూడోనాటి సాయంత్రం మా దాది వచ్చి చూస్తుంది. ముత్యం మీ ఇంట్లో సుఖంగా ఉంటే నేనూ ఉంటాను" అని కబురు పెట్టింది.

గంధపు చెక్క పంజరంలో ముత్యం దిగింది. పంజరంతో పాటు ఒక ఎండుగడ్డి మోపు కూడా దిగింది. దారిలో కుదుపులకు అడ్డం పెట్టిన చెత్త కాబోలు అనుకున్నారు నౌకర్లు. దాన్ని తీసుకెళ్లి గుర్రపుశాల వెనక పారేశారు.

గుర్రపుశాలకు రోజూ గడ్డి కోసుకొచ్చే నాంచారి ఆ మోపు చూసింది. కుందేలుతో వచ్చిన చెత్తలే అన్నారు నౌకర్లు. నీడలో ఆరబెట్టిన గరిక. ఇంకా కమ్మటి వాసన పోలేదు. ఎవరో ఎంత శ్రద్ధగా ఆరబెట్టారో కదా అనుకుని, మనసొప్పక దాన్ని ఎత్తి దూలానికి వేలాడదీసింది.

కుందేలును ఎవరు చూసుకోవాలి? కోటలో అందరూ మెల్లగా పక్కకు తప్పుకున్నారు. పశువుల సంగతి తెలిసిన మనిషి కదా అని నాంచారిని పిలిపించారు.

"జాగ్రత్త నాంచారీ" అన్నాడు రాజు. "దానికేమైనా అయిందో, నీకూ నీ పిల్లలకూ ఈ రాజ్యంలో నిలువ నీడ ఉండదు."

మొగుడు పోయాక ఆ గుర్రపుశాల పక్క గుడిసే నాంచారికి దిక్కు. ముగ్గురు ఆడపిల్లల్ని వెంటేసుకుని ఎక్కడికని పోతుంది?

మొదటిరోజు పొద్దున్నే గుప్పెడు గరిక, నాలుగు కొత్తిమీర రెమ్మలు, గిన్నెడు మంచినీళ్లు తెచ్చి పెట్టింది. అంతలో వంటశాల పెద్ద భీమప్ప వచ్చాడు.

"ఏమే, నీకు మతి ఉందా? కాబోయే కోడలి కుందేలుకు గడ్డి పెడతావా? దాది చూస్తే మన పరువేం కాను?"

"అయ్యా, అది గడ్డి తినే జీవి..."

"నోర్ముయ్."

గడ్డి తీసి అవతల విసిరేసి, వెండి పళ్లెంలో నేతిబూరె పెట్టాడు. ముత్యం తిన్నది. తీపి కదా, తినదా మరి? భీమప్ప మీసం దువ్వుకుంటూ వెళ్లాడు.

గడ్డి తినే జీవి బాగోగులు నాంచారి మొహం చూసి చెప్పదు, పెంటికలు చూసి చెబుతుంది. నవ్వకండి, ఆవిడ చదువు అది. పొద్దున శనగగింజలంత, గుండ్రంగా బోలెడున్నాయి. సాయంత్రానికి మిరియాలంత అయ్యాయి.

రెండోరోజు కోశాధికారి వచ్చాడు. బాదంపప్పు, ఎండుద్రాక్ష దోసిళ్లతో పోశాడు. పొరుగువాళ్ల ముందు మనం తక్కువ తిన్నామా అన్నాడు. నాంచారి నోరు తెరిచింది. పిల్లలు గుర్తొచ్చారు. తెరిచిన నోరు మూసుకుంది. అందుకు నేను ఆమెను ఏమీ అనను, మీరూ అనకండి. ఆ సాయంత్రం పంజరంలో పెంటికలు నాలుగే ఉన్నాయి.

మూడోరోజు పొద్దున ఒక్కటీ లేదు.

ముత్యం మూలన ముడుచుకుని పళ్లు కొరుకుతోంది. పొట్ట బిగుసుకుంది. బూరె ముట్టలేదు, ద్రాక్ష వాసనైనా చూడలేదు. రాజవైద్యుడు లేహ్యం గిన్నెతో పరుగున వచ్చాడు.

"ఉత్త నీరసం. తేనె లేహ్యం రెండు చెంచాలు పోస్తే లేచి గంతులేస్తుంది."

నాంచారి పంజరానికి అడ్డంగా నిలబడింది.

"వద్దు స్వామీ. తీపితోనే దాని పేగు ఆగిపోయింది. ఇంకా తీపి పోస్తే చచ్చిపోతుంది."

ఆ మాట రాజు చెవిన పడింది. ఆయనే దిగివచ్చాడు.

"ప్రభూ" అంది నాంచారి, "కుందేలు కడుపు ఆగకుండా నడవాలి. దాన్ని నడిపించేది గడ్డి. దాని పళ్లు పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. ఇది నేను మొదటిరోజే గట్టిగా చెప్పాల్సింది. భయపడ్డాను. తప్పు నాది కూడా."

"ఇప్పుడు బతుకుతుందా?"

"మాటివ్వలేను ప్రభూ. సాయంత్రం దాకా నాకు వదిలేయండి."

"సాయంత్రం దాకానే" అన్నాడు రాజు. "ఆ తర్వాత సంగతి నీకు తెలుసు."

నాంచారి పళ్లెం, గిన్నె అన్నీ అవతలికి తోసేసింది. ముత్యంతో వచ్చిన ఆ గరిక మోపును గుర్రపుశాల దూలం నుంచి దించుకొచ్చింది. ముత్యాన్ని ఒళ్లో పెట్టుకుని పొట్ట మెల్లగా నిమిరింది. నేల మీద వదిలి నాలుగడుగులు నడిపించింది. తడిపిన కొత్తిమీర మూతి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. గరిక పోచ పెడితే చూడనైనా లేదు.

ఎండ కిటికీ దిగి నేల మీదికి వచ్చింది. నేల దాటి గోడ ఎక్కింది. భీమప్ప, కోశాధికారి, వైద్యుడు గుమ్మంలో నిలబడి గుసగుసలాడుతున్నారు. నాంచారి మళ్లీ నిమిరింది, మళ్లీ నడిపించింది, మళ్లీ పోచ పెట్టింది.

ముత్యం ముక్కు కదిలింది. అది తన ఊరి గరిక వాసన మరి. ఒక పోచ కొరికింది. ఇంకొకటి. కరకరమని సన్నటి చప్పుడు. అయినా నాంచారి ఊపిరి పీల్చుకోలేదు. తింటే చాలదు, కడుపు నడవాలి.

కోట వాకిట్లో పల్లకి దిగింది. రాజు మళ్లీ వచ్చి పంజరం దగ్గర నిలబడ్డాడు. దాది మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు దగ్గరైంది. అప్పుడు పడింది నేల మీద, శనగగింజంత, ఒకే ఒక్క పెంటిక. దాని వెంట ఇంకోటి. రాజంతటివాడు మోకాళ్ల మీద వంగి చూశాడు. నాంచారికి ఏడుపొచ్చింది.

"ఏమిటంత వింత?" అంటూ దాది లోపలికి వచ్చింది. చేతిలో పట్టుగుడ్డ మూట ఉంది.

"ఏమీ లేదమ్మా" అన్నాడు భీమప్ప. "బూరెలూ బాదంపప్పులూ పెట్టి మారాణిలా చూసుకున్నాం."

దాది మొహం పాలిపోయింది. నాంచారి ముందుకొచ్చింది. పోతే పోయింది గుడిసె అనుకుంది.

"నిజం చెబుతానమ్మా. రెండు రోజులు తప్పు తిండి పెట్టాం. ప్రాణం మీదికొచ్చింది. మీరు పంపిన గరికే తిని ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది."

దాది ముత్యం పొట్ట తడిమి చూసింది. తర్వాత పట్టుమూట విప్పింది. అందులో ఎండుగరిక.

"మొదటి మోపు అయిపోయి ఉంటుందని మా అమ్మాయి ఇంకోటి పంపింది. ఈ ఇంట్లో తప్పు ఒప్పుకునే మనిషి ఉందని ఆమెకు చెబుతాను. లగ్నం పెట్టుకోండి ప్రభూ. కానీ ముత్యం ఈవిడ దగ్గరే ఉండాలి."

"గుడిసె కాదు, నీకు తోట పక్కన ఇల్లు" అన్నాడు రాజు నాంచారితో.

పెళ్లి ఘనంగా జరిగింది. చుట్టాలకు బూరెలు. ముత్యానికి ఎప్పటిలాగే పొద్దంతా గరిక, పూటకు గుప్పెడు ఆకులు, గిన్నెడు మంచినీళ్లు, పండగ కాబట్టి గోరంత పండు ముక్క. ఆ గరిక మోపు నెత్తిన పెట్టుకుని ఊరేగింపులో నడిచింది ఎవరనుకున్నారు? కోశాధికారి. రాజాజ్ఞ మరి.

పిల్లలూ, నీతి ఇదీ: పెట్టే చేతి గొప్ప కోసం కాదు, తినే కడుపు మంచి కోసం పెట్టాలి.