దాలమ్మ తడిగుడ్డ

ఏ రాజు ఏలాడో, ఆ రాజుకు ఎన్ని గుర్రాలో చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. దాలమ్మ సంగతి మాత్రం ఇంకా చెప్పుకుంటారు. అదే వినండి.

కొండ కింద వారానికోసారి సంత జరిగేది. ఆ సంత చివర, నీడ కూడా లేనిచోట, దాలమ్మ కూర్చునేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, అడుగు నేల లేదు. అడ్డాకులు కుట్టి విస్తర్లు అమ్ముకునేది. చేతులు ఆకులు కుడుతుంటే నోరు మాటలు కుట్టేది. సంతలో సరుకు అమ్ముకునేవాళ్ళకి కేకలు కట్టి ఇచ్చేది.

ఎవరొచ్చినా మూడే అడిగేది.

"ఎవరికి పనికొస్తుంది? ఎందుకు పనికొస్తుంది? ఎక్కడ పనికిరాదు?"

ఒకసారి కుమ్మరి ముసలాయన వచ్చాడు. "పొద్దుటినుంచి కడవలు, కడవలు అని అరుస్తున్నాను. ఒక్కరూ ఆగలేదమ్మా" అన్నాడు. దాలమ్మ మూడూ అడిగింది.

"ఇంటింటికీ పనికొస్తుంది. నీళ్ళు చల్లగా ఉంచుతుంది. పొయ్యి మీద పెడితే మాత్రం పగులుతుంది."

ఆకులో పుల్ల గుచ్చుతూనే ఆమె కేక కట్టింది. "పొయ్యికి కాదు తల్లీ, దాహానికి. పొద్దున పోసి మధ్యాహ్నం తాగండి."

"పగులుతుందని నా నోటితో నేనే చెప్పుకోవాలా?"

"చెప్పు తాతా. అది విన్నవాళ్ళే మిగతాది నమ్ముతారు."

పొద్దు వాలకముందే కడవలన్నీ అయిపోయాయి.

ఇంకోసారి కొండ మీదనుంచి మంగన్న చీపుర్లు మోసుకొచ్చాడు. కొత్తలో నూగు రాలుతుందని ఎవరూ కొనడంలేదు. దాలమ్మ మూడూ అడిగింది. "మూడు రోజులు రాలుతుంది, మూడు పండగలు ఊడుస్తుంది" అని కట్టింది. చీపుర్లూ అయిపోయాయి.

మూడోసారి వచ్చినవాడు జగ్గప్ప షావుకారు. వరి విత్తనాల బండితో వచ్చాడు. ఎండలో ఉన్న ఆమెని తన గొడుగు కిందకి పిలిచాడు. చాప వేయించాడు. "దాలమ్మగారూ, మీ మాట పడితేగానీ నా సరుకు కదలదు" అన్నాడు. ఆమెని గారూ అన్నవాళ్ళు అంతకుముందు లేరు. ఎవరికో అడిగింది. ఎందుకో అడిగింది. మూడోది అడగబోయి, అంత మర్యాద చేసినవాణ్ణి ఏం అడుగుతాంలే అనుకుంది. గింజ పైకి బంగారంలా మెరుస్తోంది.

"చారెడు చల్లితే గాదె నిండు, గాదె నిండితే ఇల్లు నవ్వు" అని కట్టి ఇచ్చింది.

ఆమె కట్టిన కేకల్లో అంత తీయనిది లేదు. గెడ్డవలస, చింతగూడ, మావుళ్ళపాడు, మూడు ఊళ్ళవాళ్ళూ ఆ పాట పాడుకుంటూ విత్తనాలు మోసుకెళ్ళారు.

రెండో సంతకి గెడ్డవలస అసిరి వచ్చింది. విస్తర్ల పక్కన ఒక మట్టిగడ్డ పెట్టింది. అందులో గింజలు నల్లగా కుళ్ళి ఉన్నాయి.

"చల్లి పన్నెండు రోజులైంది దాలమ్మత్తా. నీ పాట పాడుతూనే చల్లాను. పిల్లలూ పాడారు" అంది. అరవలేదు. అరిచి ఉంటే దాలమ్మకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ గింజ నిరుడు వానకి తడిసి, చచ్చి, మళ్ళీ ఆరిన గింజ. షావుకారు ఏరు దాటి పోయాడు. మాట మాత్రం దాలమ్మది.

దాలమ్మ మూడు ఊళ్ళకీ నడిచింది. "చూడకుండా పొగిడాను. తప్పు నాది" అని వీధుల్లో నిలబడి చెప్పింది. గెడ్డవలసలో తలుపులు వేసుకున్నారు. చింతగూడలో పొమ్మన్నారు. మావుళ్ళపాడులో ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "నువ్వు తప్పొప్పుకుంటే మా మడి మొలుస్తుందా అమ్మా?"

ఆ మాట పట్టుకుని దాలమ్మ కొండెక్కింది. మంగన్న ఇంటిముందు కూలబడి జరిగిందంతా చెప్పింది.

"వరికి అదను దాటిపోయిందక్కా. వాన ఆలస్యమైన ఏడు మేం సామలు చల్లుకుంటాం" అన్నాడు మంగన్న.

ఈసారి ఆమె మూడోదే ముందు అడిగింది. "ఎక్కడ పనికిరాదు?"

"పెళ్ళి భోజనానికి పనికిరాదు. దంచితే రెక్కలు పడిపోతాయి. గొంతులో గరుకు."

"ఎందుకు పనికొస్తుంది?"

"మూడు నెలలు తిరక్కుండా గింజ చేతికొస్తుంది."

కొండ మీద ఇంటికో బుట్ట తీశారు. ఉప్పుకి మార్చుకుంటామన్నారు. సంతలో దాలమ్మ ఆ బుట్టల పక్కన కూర్చుంది. కేక వేయలేదు. అంతకు మూడు రోజుల ముందే పిడికెడు సామలు తడిగుడ్డలో కట్టింది. ఆ గుడ్డ విప్పి ముందు పరిచింది. తెల్లటి మొలకలు.

"దంచడం కష్టం. గొంతులో గరుకు. పెళ్ళికి పెట్టలేం. కానీ మొలుస్తుంది" అంది, దారిన పోయే అందరితోనూ. చాలామంది ఆగకుండానే వెళ్ళిపోయారు. అసిరి ఆగింది.

"మొలిచినవే ఏరి పెట్టావేమో. ఎలా నమ్మను?"

"నమ్మొద్దు తల్లీ. నచ్చిన బుట్టలోంచి నీ చేత్తో పిడికెడు తీసుకో. నీ ఇంట్లో, నీ గుడ్డలో తడిపి చూసుకో. నేనిక్కడే ఉంటాను."

సంత ఎత్తేశారు. బళ్ళు వెళ్ళిపోయాయి. ఖాళీ మైదానంలో దాలమ్మ ఒక రోజు కూర్చుంది. రెండు రోజులు కూర్చుంది. ఎవరైనా వస్తారన్న ఆశ ఆమెకి సగమే ఉంది. అయినా లేవలేదు. మూడో రోజు పొద్దున గట్టు మీద అసిరి కనిపించింది. దగ్గరికొచ్చి కొంగుముడి విప్పింది. మొలకలు ఒకదానిమీద ఒకటి తోసుకుంటూ ఉన్నాయి. ఆమె వెనక మూడు ఊళ్ళ జనం బుట్టలు పట్టుకుని నడిచి వస్తున్నారు.

ఆ ఏడు ఆ మూడు ఊళ్ళలో దంచీ దంచీ అందరి చేతులూ కాయలు కాశాయి. పొయ్యి మాత్రం ఒక్క ఇంట్లోనూ ఆరలేదు.

ఆ తర్వాత కూడా దాలమ్మ సంత చివరే కూర్చుంది, ఆకులు కుట్టింది, కేకలు కట్టింది. మూడూ అడగకుండా మాత్రం ఎవరికీ కట్టలేదు. ముసలిదై, ఒక వానాకాలంలో పోయింది. మూడు ఊళ్ళవాళ్ళూ వంతులేసుకుని పాడె మోశారు.

ఇప్పటికీ ఆ సంతలో విత్తనాలమ్మేవాళ్ళు రాశి ముందు తడిగుడ్డలో మొలకలు పెట్టుకుంటారు. గుడ్డ లేకపోతే కొనేవాళ్ళు నిలబడరు. విత్తనాలకే కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి, కుర్రాడు వజ్రమనీ, వంశం బంగారమనీ గంటసేపు చెబితే, ఆ ఊళ్ళ ముసలమ్మలు అంతా వింటారు. మజ్జిగ కూడా ఇస్తారు. ఆయన తాగి గ్లాసు కింద పెట్టాక అడుగుతారు.

"బాగానే చెప్పావు నాయనా. ఇక గుడ్డ విప్పు."