పది వరహాల జాడీ, ఒక్క వరహా కుండ

అనగనగనగా, దాహం కన్నా డాబు ఎక్కువైన ఒక రాజ్యం ఉండేది. దాని పేరు మాల్యగిరి. అక్కడి కొండవాలుల్లో ద్రాక్షతోటలు, ఆ ద్రాక్షతో పెద్దవాళ్ళు తాగే ఆసవం. పిల్లలూ, మీకు కథ చాలు, ఆసవం జోలికి పోకండి.

ఏటా వసంతోత్సవం నాడు రణభీమ మహారాజు కొలువులో ఆసవాలు రుచి చూసేవాడు. ఆయన మెచ్చిన ఆసవాన్నే కోట ఏడాది పొడవునా కొనేది.

వరుసగా రెండేళ్ళు కుబేరగుప్తుడనే వర్తకుడే గెలిచాడు. అతని ఆసవం జాడీ పది వరహాలు. కొండ మీది మల్లసాని ఆసవం అంతే కొలత కుండ ఒక్క వరహా. "ఒక్క వరహా సరుకులో పస ఏముంటుంది?" అని కొలువంతా ముఖం తిప్పుకుంది.

మల్లసానికి భర్త లేడు. ఉన్నదల్లా కొండ మీది ద్రాక్షతోటే. మూడోసారీ ఓడితే దాన్ని కుబేరగుప్తుడికే అమ్ముకోక తప్పదు. అయినా ఆమె బెంగపడలేదు. తన ఆసవం మంచిదని ఆమె నాలుకకు తెలుసు. మరి కొలువులోని నాలుకలకు ఏమైంది? అదొక్కటే అంతుపట్టలేదు.

మూడో ఏడు ఆమె ఒక పక్కన నిలబడి అంతా గమనించింది. కుబేరగుప్తుడు ముందుగా వెండి పళ్ళెంలో ఉసిరికాయ ముక్కలు పంచాడు. "నోరు శుద్ధి చేసుకోండి మహారాజా, మా ఇంటి ఆచారం" అన్నాడు వినయంగా. అందరూ నమిలారు. వెంటనే అతను తన జాడీ వంచాడు. అందరూ లొట్టలు వేశారు.

మల్లసానికి నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. కోపం దిగమింగి ముందుకు వచ్చింది.

"మహారాజా, నా ఆసవం తర్వాత చూద్దురు గాని. మరో ఉసిరి ముక్క నమిలి, గుక్కెడు మంచినీళ్ళు తాగండి."

"కొలువులో ఇదేం వేళాకోళం?" అన్నాడు కుబేరగుప్తుడు. రాజు చెయ్యెత్తి వారించి, నమిలి, తాగాడు.

"ఈ నీళ్ళలో బెల్లం ఎవరు కలిపారు?"

"ఎవరూ కలపలేదు ప్రభూ. కోట బావి నీళ్ళే. ఉసిరి తిన్న నోటికి నీళ్ళయినా తియ్యగానే ఉంటాయి."

ఈ సంగతి మీకూ నాకూ తెలుసు. రాజుగారికి ఎలా తెలుస్తుంది, పాపం? పెరట్లో ఉసిరికాయ కొరికి చెంబెడు నీళ్ళు గటగటా తాగే యోగం అంతఃపురంలో పెరిగినవాళ్ళకు ఉండదు.

మల్లసాని అంతటితో ఆగలేదు. ఉసిరి జాడ పోయేలా అందరి చేతా నోరు పుక్కిలింపించి, తలా ఒక ముద్ద ఉప్పు లేని అన్నం తినిపించింది. జాడీనీ కుండనూ తెర వెనక పెట్టించి, రెండు ఆసవాలనూ ఒకే రకం మట్టి గిన్నెల్లో పోయించింది. ఏది ఎవరిదో పోసిన సేవకుడికి తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి గిన్నె నోట పెట్టగానే రాజు ముఖం చిట్లించాడు. "పళ్ళు పులిసిపోతున్నాయి" అన్నాడు. మంత్రి దగ్గాడు. సేనాపతి మీసం తుడుచుకుని, "మా గుర్రాలు కూడా ముట్టవు" అన్నాడు.

రెండో గిన్నెలోది రాజు ఒక గుక్క తాగి, వెంటనే ఇంకో గుక్క తాగాడు.

"ఇంత బాగుందంటే ఇది కుబేరగుప్తుడిదే" అన్నాడు మంత్రి ధీమాగా.

తెర తీశారు. అది మల్లసాని కుండలోది. మంత్రి తల దించుకున్నాడు.

"ఆచారం, మహారాజా..." అని నసిగాడు కుబేరగుప్తుడు.

"రెండేళ్ళు నేను తాగింది నీ ఉసిరికాయనూ, నీ ధరనూ. ఇక నువ్వు వెళ్ళవచ్చు" అని రాజు మల్లసాని వైపు తిరిగాడు. "అమ్మా, ఇకమీదట కోటకు నీ ఆసవమే. వెల పెంచుకుంటావా?"

"అక్కర్లేదు ప్రభూ. ఒక్క వరహా నాకు గిట్టుబాటే. పెంచితే మీరు మళ్ళీ రుచి మాని వెల చూస్తారు" అంది మల్లసాని.

కొలువు నవ్వింది. రాజు కొంచెం సిగ్గుపడి, తనూ నవ్వాడు. ఆ ఏడు తోట మల్లసానిదిగానే చిగురు వేసింది.

కాబట్టి వెల చూసి మెచ్చుకోకండి, చిన్నదని తోసిపుచ్చకండి. శుభ్రమైన నాలుకతో రుచి చూశాకే మంచిచెడ్డలు చెప్పండి.