తడిగోనె

భావన్నారాయణ గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆయన దగ్గర నేత నేర్చుకుంటున్న శేషారత్నానికి ఈ సంగతి తెలుసు. తెలిసీ, ఆ ఎండాకాలం ఉదయం ఉండబట్టలేక అడిగింది.

తల్లి తాయారమ్మకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. డాక్టరు మార్ఫిన్ మాత్రలిచ్చి, నొప్పి ఉన్నా లేకున్నా నాలుగు గంటలకొకటి వెయ్యమన్నారు. శేషారత్నం వాటిని పప్పుడబ్బా వెనక దాచి, తల్లి మెలికలు తిరిగినప్పుడే ఇస్తోంది. తాయారమ్మ కూడా, "ఓర్చుకుంటాలేవే, అట్టే పెట్టు" అనే అంటోంది.

"అలవాటు పడిపోతే ఎట్లా గురువుగారూ? ఇప్పుడే వాడేస్తే, రేపు నొప్పి ముదిరాక ఇంకేం పనిచేస్తుంది? ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకుంటేనే మంచిది కదా?"

ఆయన ఆమె మగ్గం వైపు చూశారు. వేసవిలో మగ్గం గుంటలో తడిగోనె పరిచి, అది ఆరకుండా నీళ్లు చల్లుతూ నెయ్యడం అక్కడి వాళ్ల పద్ధతి. గాలి పొడిబారితే నూలు తెగుతుంది మరి.

"ఈ పూట గోనె తడపకు. పోగు తెగితే అప్పుడు చూద్దాం," అన్నారు.

శేషారత్నం కూర్చుంది. చేతులు మగ్గం మీద, చెవులు సందు అవతలి తన ఇంటి మీద. మూలుగు వినపడలేదు, వినపడకపోవడమే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంటుంది. ఎండెక్కింది. ఒక పోగు తెగింది. ముడి వేసింది. ఆ ముడి బిగించేలోపు పక్కన ఇంకో రెండు. ఇక ఆగలేక బిందెడు నీళ్లు తెచ్చి గోనె మీద కుమ్మరించింది. అయినా పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతూనే ఉన్నాయి. నేసింది జానెడు లేదు, దాన్నిండా ముడులే.

"తెగాక పోస్తే ఈ నీళ్లు ఎప్పటికి పనిచెయ్యాలి?" అని విసుక్కుంది. "పొద్దున్నుంచీ కాసిని కాసిని చల్లుకుంటే ఇన్ని పట్టేవి కూడా కావు."

"మరి అంతసేపూ పోగు నీతో ఏమంది?"

"పోగేమంటుంది, తెగేదాకా ఓర్చుకుంది," అంటూనే ఆమె ఆగిపోయింది. గోడ గడియారం వంక చూసి, గుంటలోంచి లేచి, కాలితో చెప్పుల కోసం తడుముకుంది.

ముడులు పడ్డ బట్టను గురువు వేళ్లతో నిమురుతున్నారు.

"రెండు వేసవులుగా గోనె తడుపుతున్నావు. మగ్గానికి నీళ్లు అలవాటైపోతాయని ఒక్కనాడూ భయపడలేదేమ్మా?"