బుధవారపు గడ్డం, మంగళవారపు నాటకం

మునగపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఊరంతా గవరయ్య ఇంటివైపు చెయ్యి చూపించి నవ్వేది. ఆ ఇంటివాళ్ళకు చెయ్యి కనిపించేది, నవ్వు మాత్రం కనిపించేది కాదు. అందుకే వీధరుగు మీద ఓ బోర్డు కట్టుకున్నారు: "ఇచ్చట తెలివి గలదు. అడిగినచో చెప్పబడును." ఇప్పటిదాకా అడిగినవాడు ఒక్కడే. బస్సు ఎప్పుడొస్తుందని అడిగాడు. "వచ్చినప్పుడు" అని చెప్పారు. ఆ జవాబులో తప్పు పట్టగలిగినవాడు ఊళ్ళో నేటికీ లేడు.

ఆ ఇంట్లో మగాళ్ళు ముగ్గురు. తాత గవరయ్య, తండ్రి పోతురాజు, కొడుకు చిదంబరం. ముగ్గురికీ తెలివి ఒకటేగానీ, గడ్డం గీసుకునే పద్ధతులు మూడు.

తాతది మడతకత్తి. పక్షానికోసారి పెరట్లో గొంతుక్కూర్చుని, కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ నూరి, చెంబుడు చన్నీళ్ళతో పని కానిచ్చి, పటికముక్క రుద్దుకుని లేచేవాడు. సబ్బు రాసుకోవచ్చుగా అంటే, "ఎందుకు? మొహమేమైనా పంచెనా?" అనేవాడు.

తండ్రిది స్టీలు రేజరు. కిటికీ ఊచకు అద్దం, పక్కన వేడినీళ్ళ గిన్నె, గుండ్రటి సబ్బు, బ్రష్షు, నురగ తుడవడానికి పాత పేపరు. ఆయన బ్లేడు మొదటివారం గడ్డానికి, రెండోవారం గోళ్ళకు, ఆపైన భార్య నూకరత్నం జాకెట్లకు కుట్లు విప్పడానికి. ఓసారి ఈ వరస తలకిందులైంది. ఆ వారమంతా పోతురాజు గడ్డానికి తువ్వాలు చుట్టుకునే తిరిగాడు.

ఇక చిదంబరానికి ఓ అలమారే ఉంది. నురగ డబ్బా, మూడు బ్లేడుల రేజరు, గీసుకునే ముందు రాసుకునేదొకటి, గీసుకున్నాక రాసుకునేదొకటి, రెంటికీ మధ్య రాసుకునేది ఇంకొకటి. ఇవన్నీ కొన్నాక వాడు గడ్డం పెంచాడు. దానికి మళ్ళీ నూనె, దువ్వెన.

"సామాను పెరిగేకొద్దీ గీయడం తగ్గుతోందేంట్రా?" అన్నాడు తాత.

"కాలం మారింది తాతా" అన్నాడు చిదంబరం గడ్డం దువ్వుకుంటూ.

అంత ముద్దుగా పెంచుకున్న గడ్డాన్ని తీసేయాల్సిన రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రం బడి ఆవరణలో ఊరి నాటకం. అందులో చిదంబరానికి రాణీవేషం. మూడేళ్ళుగా కాచుకున్న వేషమది. మొదటి ఏడు రాజుగారి వెనక గొడుగు పట్టుకున్నాడు. రెండో ఏడు రాజుగారి ముందు దివిటీ పట్టుకున్నాడు. ఈ ఏడాదికి గానీ నోరు తెరిచే భాగ్యం పట్టలేదు. రాణి మొదటి మాట, "నాథా! నన్ను ఆనవాలు పట్టలేదా?" ఆ ఒక్క ముక్కనీ వాడు నెల రోజులుగా గేదెతో చెప్పి చెప్పి సాధన చేశాడు. గేదె ఒక్కసారి కూడా ఆనవాలు పట్టలేదు.

నాటకం నేర్పే రామదాసు మేస్టారు ముందురోజే గట్టిగా చెప్పారు. "ఒరే చిదంబరం, రేపు ఆరింటికల్లా నీ మొహం మీద ఒక్క వెంట్రుక కనపడకూడదు. కనపడిందా, వేషం మన పోస్టుమాను తమ్ముడికి ఇచ్చేస్తా!"

ఆ మాటకు చిదంబరానికి రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే అలమారు తెరిచి సామానంతా వసారాలో పరిచాడు. పరిచాడో లేదో, పోతురాజు గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండరు చూసి గావుకేక పెట్టాడు.

"ఒరే ఆగు! ఇవాళ మంగళవారం! మన ఇంటావంటా మంగళవారం గడ్డం గీసినవాడు లేడు."

"మరి నా వేషం నాన్నా?" అన్నాడు చిదంబరం.

తాత కాసేపు బట్టతల నిమురుకున్నాడు. ఆయన తల నిమిరితే ఏదో ఒకటి బయటికొస్తుందని ఇంట్లో అందరికీ నమ్మకం. వచ్చేసింది. "ఆ కాగితం చింపెయ్యండెహె!"

అంతే! పోతురాజు కాగితం పర్రున చింపాడు. కింద ఎర్రగా నవ్వుతూ బుధవారం కనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. చిదంబరం నురగ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు వంటింట్లోంచి నూకరత్నం ఘొల్లుమంది.

"ఓరి నా కొడుకో! ఇవాళ బుధవారమైతే నాటకం నిన్ననే అయిపోయిందిరో!"

ఇంకేముంది! ఇల్లంతా శోకాలు. చిదంబరం స్తంభాన్ని పట్టుకుని ఏడ్చాడు. "నిన్న నేను లేకుండానే ఆడేశారా? రాణి లేకుండా రాజు ఎవరితో మాట్లాడాడో!"

"జనం ఎంత తిట్టుకున్నారో" అన్నాడు పోతురాజు, కళ్ళొత్తుకుంటూ.

ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక నూకరత్నానికే మళ్ళీ దారి దొరికింది. "మావయ్యా, చింపిన కాగితం పారేయలేదుగా? గడ్డం ఈ బుధవారంలో గీసేద్దాం. అయిపోగానే మంగళవారాన్ని మళ్ళీ అతికించేద్దాం. అప్పుడు నాటకానికి అందుతాడు."

"చూశావట్రా, నా కోడలి బుర్ర!" అని తాత మురిసిపోయాడు. ఆవిడ వెంటనే మైదాపిండి ఉడకేసి గిన్నెడు జిగురు కాచింది. ఒక్క కాగితానికి గిన్నెడెందుకంటే, వారంలో రోజులు ఏడున్నాయి, ఎప్పుడు ఏది ఊడుతుందో ఎవరికి తెలుసు?

"బుధవారం ఎంతోసేపు ఉండదు, కానివ్వండి!" అని తొందరపెట్టాడు పోతురాజు. చిదంబరం డబ్బా మీద రాసింది పైకి చదివాడు. "మొహమునకు నురగ పట్టించి రెండు నిమిషములు ఆగవలెను." పట్టించాడు. అందరూ ఆగారు. తాత కత్తి నూరుతూ ఆగాడు. పోతురాజు ఒంటికాలి మీద ఆగాడు, రెండోది చెప్పులో దూర్చబోతున్నాడు మరి. నూకరత్నం గరిటె ఎత్తి ఆగింది. పొయ్యి మీద వంకాయకూర మాత్రం ఆగలేదు. మాడిన వాసన వీధి చివరిదాకా వెళ్ళింది.

తర్వాత రేజరు పెట్టె. "మొదటి బ్లేడు వెంట్రుకను పైకి లేపును. రెండవది కోయును. మూడవది శుభ్రపరచును."

పోతురాజు ఆ రేజరును కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. "ఇంత ఇరుకులో ముగ్గురు పనివాళ్ళా? ఒకడి మోచెయ్యి ఒకడికి తగలదూ? మన ముగ్గురం ఉన్నాంగా, విశాలంగా చేద్దాం. నాన్నా, నువ్వు కత్తితో లేపు. నేను కోస్తాను. వాడు వెనక శుభ్రం చేసుకుంటూ వస్తాడు."

అలా మూడు తరాల కత్తులు ఒకే బుగ్గ మీద దిగాయి. తాత కత్తి వీపుతో ఓ వెంట్రుకను లేపి, "లేపాను, కొయ్యి!" అనేవాడు. పోతురాజు కోసి, "కోశాను, తుడు!" అనేవాడు. చిదంబరం అద్దంలో చూసుకోవాలంటే తాత మోచెయ్యి అడ్డం, చూడకపోతే నాన్న రేజరు భయం. అరగంటకు రూపాయి బిళ్ళంత చోటు తెల్లబడింది.

"ఈ లెక్కన దసరాకు తెములుతుంది" అంది నూకరత్నం. "ఆ లేపేదేదో మానేసి కోసేయకూడదూ?"

లేపడం మానేశారు. ఇక చూడండి, గడ్డం పోయింది, మీసం పోయింది. కిందపరిచిన పేపరు మీద నల్లగా కుప్ప పడింది. అద్దంలో నున్నటి మొహం చూసుకుని చిదంబరం పొంగిపోయాడు. అక్కడితో ఆగితే కథ లేదు. పోతురాజు తల పంకించాడు.

"ఒక్క వెంట్రుక అన్నారు మేస్టారు. మరి ఈ కనుబొమలు?"

"అవి ఉండాలేమో నాన్నా."

"మొహం మీద ఉన్నాయా, మోకాలి మీద ఉన్నాయా?"

మొహం మీదే ఉన్నాయి. చిదంబరానికి ఒప్పుకోక తప్పలేదు. కనుబొమలు కూడా పోయాయి. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. మొహం ఎక్కడిదాకా? నుదురు ఎక్కడ ఆగి తల ఎక్కడ మొదలవుతుంది?

"నన్నడగండి. డెబ్భై ఏళ్ళుగా మొహం కడుక్కుంటున్నవాణ్ణి" అన్నాడు తాత. చెంబుడు నీళ్ళు తీసుకుని కడుక్కుని చూపించాడు. నీళ్ళ చెయ్యి గడ్డం దగ్గర బయల్దేరి, ముక్కు మీదుగా, నుదురు మీదుగా, బట్టతల మీదుగా మెడ వెనక్కి దిగింది. "ఇదిగో, మెడదాకా మొహమే. మధ్యలో హద్దురాయి ఏదైనా ఉందా?"

లేదు. అందరూ తడిమి చూశారు. అంతే, చిదంబరాన్ని మెడదాకా గీసేశారు. నూకరత్నం వచ్చి మంగళవారాన్ని అతికించేసింది.

అయిదింటికి మేస్టారు వచ్చారు. వసారాలో కోడిగుడ్డుకు కళ్ళు పెట్టినట్టున్న మనిషిని చూసి, "చిదంబరం ఏడండీ?" అని ఆ గుడ్డునే అడిగారు.

"నేనే మేస్టారూ. ఒక్కటి కూడా లేదు, చూసుకోండి!"

మేస్టారు అరుగు మీద కూలబడ్డారు. నిజానికి ఆయన సంచీలో రాణీగారి విగ్గు ఉంది, కిరీటం ఉంది, కనుబొమలు దిద్దే కాటుక కూడా ఉంది. నిమిషం ఆగి ఉంటే ఆయనకే గుర్తొచ్చేది. కానీ కోపం ముందొచ్చింది.

"నాకు రాణి కావాలిరా, గుడ్డు కాదు! తీసిన వెంట్రుకలు తీసినట్టే ఎక్కడివక్కడ పెట్టుకునిరా! లేదా, వేషం మీద ఆశ వదులుకో!" అని దులిపేసి, చీర, ముసుగు కూడా ఉన్న ఆ సంచీ అక్కడే పడేసి వెళ్ళిపోయారు.

చిదంబరం మళ్ళీ స్తంభాన్ని పట్టుకున్నాడు. తాత మాత్రం నవ్వాడు. "ఏడుస్తావేంట్రా? వెంట్రుకలు పేపర్లో ఉన్నాయి. జిగురు గిన్నెలో ఉంది. మేస్టారు చెప్పిందీ తిన్నగానే చెప్పారు."

అందరూ చుట్టూ కూర్చున్నారు. నెత్తికి నెత్తివి, కనుబొమలకు కనుబొమలవి, గడ్డానికి గడ్డంవి. పోతురాజు బ్రష్షుతో జిగురు పూస్తుంటే నూకరత్నం విత్తనాలు చల్లినట్టు చల్లుతోంది. తాత మెల్లిగా తన బట్టతల ముందుకు వంచాడు. "అమ్మా, నాకో గుప్పెడు..."

"తప్పు మావయ్యా. ఎక్కడివక్కడ అన్నారు. మీవి ముప్ఫై ఏళ్ళ కిందట పోయాయి, అవెక్కడున్నాయో చెప్పండి, పెడతాను."

ఆఖరికి రెండు గుప్పెళ్ళు మిగిలాయి. పారేయడమెందుకని గడ్డానికే కలిపేశారు. దాంతో అది పొద్దుటికంటే పెరిగి జానెడైంది. దాని మీద చీర కట్టి, కిరీటం పెట్టి, ముసుగు కప్పి పరుగున తీసుకెళ్ళేసరికి నాటకం మొదలయ్యే మూడో గంట కొట్టేశారు. మేస్టారు ముసుగు చూశారు, చీర చూశారు. ఊపిరి పీల్చుకుని, "వెళ్ళు, వెళ్ళు!" అని రంగం మీదికి తోసేశారు.

ఎదురుగా ఊరంతా కూర్చుని ఉంది. మూడేళ్ళ కల కదా, చిదంబరం నెమ్మదిగా నడిచాడు. రాజువేషం కట్టిన కిరాణాకొట్టు వరహాలు చెయ్యి చాచి, "దేవీ! పున్నమి చందమామవంటి నీ మోము ఒక్కసారి చూపుము!" అని ముసుగెత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. చందమామకు జానెడు గడ్డం. ఓ కనుబొమ పైకి, ఇంకోటి చెంప మీదికి. హార్మోనియం ఆగింది. ఆ నిశ్శబ్దంలో చిదంబరం నెలరోజుల సాధననంతా గొంతులోకి తెచ్చుకుని, తీయగా అన్నాడు.

"నాథా! నన్ను ఆనవాలు పట్టలేదా?"

ఇంకేముంది! జనం చాపల మీద దొర్లారు. ఈలలు, కేకలు, "మళ్ళీ! మళ్ళీ!" అని గోల. అడిగారు కదా అని చిదంబరం మళ్ళీ అన్నాడు. మళ్ళీ మళ్ళీ అడిగారు. మళ్ళీ మళ్ళీ అన్నాడు. పెద్ద పెద్ద నటులకు కూడా ఇంత పేరు ఒక్క ముక్కతో వచ్చి ఉండదని వాడికి కళ్ళు చెమర్చాయి. తడికి ఓ పక్క గడ్డం కొంచెం జారింది.

పక్కన నిలబడ్డ మేస్టారు నెత్తి బాదుకుంటూ అరిచారు. "తెర దించండి! ఎవరైనా తెర దించండ్రా బాబూ!"

ముందు వరసలో గవరయ్య, పోతురాజు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడిగినవాడికి సాయం చేయని ఇల్లు కాదది. పోతురాజు గుంజ ఎక్కాడు. తాత మొలలోంచి మడతకత్తి తీసి అందించాడు. తాళ్ళు తెగాయి. వెదురుబొంగుతో సహా తెర మొత్తం దభీమని రాజు మీద, రాణి మీద, హార్మోనియం మీద పడింది.

చిదంబరం దాని కిందినుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. గడ్డం తెరకు అంటుకుపోయి, మొహం మళ్ళీ నున్నగా ఉంది. గవరయ్య, పోతురాజు తెరను నాలుగు మడతలు పెట్టి, మేస్టారి ముందుకు మోసుకొచ్చారు.

"దించాం మేస్టారూ. ఎక్కడ పెట్టమంటారు?"

మేస్టారి చెయ్యి ఆకాశం వైపు లేచింది, దేవుణ్ణి తలుచుకున్నారో ఏమో. పోతురాజు ఆ చెయ్యి చూపించిన వైపు చూశాడు. తెర కట్టిన చోటే. అర్థమైనట్టు తలూపి, ఆడవాళ్ళ చాప వైపు తిరిగి కేకేశాడు.

"ఏమే నూకరత్నం! మైదా జిగురు ఇంకా ఉందా?"