నాగోజీ గడి

నమ్మని వాళ్లుంటే ఇప్పుడే లేచి పోండి. తర్వాత ఆశ్చర్యంతో నోరు తెరిస్తే ఈగలు దూరతాయి, నా పూచీ లేదు.

అనగా అనగా, సినిమాకు అప్పుడప్పుడే మాటలొచ్చిన రోజుల్లో, నాగోజీ అని ఒక బొమ్మలాయన. తాతలు తోలుబొమ్మలాడించారు. ఈయన స్టూడియోలో చేరాడు. కెమెరా తిరగకముందే సినిమా అంతా కాగితాల మీద గళ్లుగా గీసిపెట్టేవాడు. మనిషెక్కడ, నీడెక్కడ, ఏ మూల నుంచి చూడాలి, అన్నీ ఆ గళ్లలోనే.

అవేం బొమ్మలనుకున్నారు! వాన గీస్తే మేనేజరు గొడుగు తెరిచాడు. గాలి గీస్తే మేకప్పాయన విగ్గులు పట్టుకుని పరిగెత్తాడు. ఏనుగును గీస్తే క్యాంటీనువాడు చెరకు గడ తెచ్చి కాగితం ముందు పెట్టాడు. పొద్దున చూస్తే చెరకు లేదు!

డైరెక్టరు వేదాద్రికి ఒక అలవాటు. షాటు బాగా వస్తే "అయింది!" అని దాని కాగితం పర్రున చింపేవాడు. తీసిందే మళ్లీ తీయకుండా అదే గుర్తు.

మొదటి సినిమాకు నాగోజీ అడిగాడు. "అయ్యా, ఒక్క బొమ్మ ఉంచరాదా?"

"తెర మీద చూసుకోవయ్యా. ఇది విస్తరాకు. తిన్నాక ఎవరైనా దాచుకుంటారా?" అని నవ్వాడు వేదాద్రి.

రెండో సినిమాకూ అడిగాడు. అదే నవ్వు, అదే మాట, అదే పర్రు.

మూడో సినిమాలో రేవు దగ్గర పడవ కోసం ఎదురుచూసే ఆడమనిషి ఉంది. ఆ గడిలో నాగోజీ, చనిపోయిన తన భార్యను గీశాడు. ఆమెకు ఫోటో అంటూ లేదు.

"అయ్యా, ఇది మా అంబూబాయి. దీన్నొక్కదాన్ని చింపొద్దు."

వేదాద్రి ఆ మొహం చూశాడు. ఈసారి నవ్వు రాలేదు. "నా మీదొట్టు, చింపను."

షాటు తీశారు. సెట్టంతా చప్పట్లు. "అయింది!" అన్నాడు వేదాద్రి. చెయ్యి తన పని తాను చేసేసింది. పర్రుమన్నాక గానీ ఆయనకు తెలియలేదు.

"షాటు బాగా వచ్చిందా అయ్యా?" అన్నాడు నాగోజీ.

"వచ్చింది. మళ్లీ గియ్యవయ్యా, నీకు దణ్ణం పెడతా."

"ఒక్కసారే కనిపించిందయ్యా."

ఆ వానాకాలంలోనే నాగోజీ పోయాడు. మరుసటేడు రీళ్ల గది తగలబడింది. మూడు సినిమాలూ బూడిద. వేదాద్రి స్టూడియో అంతా గాలించాడు. ఒక్క గడి లేదు, ఒక్క గీత లేదు.

"విస్తరాకన్నానే! అదేనయ్యా భోజనం," అని నేల మీద కూలబడ్డాడు.

ఇప్పటికీ ఆ వైపు స్టూడియోల్లో కాగితం చింపరు, మూల మడుస్తారు. మొదటి గడి ఖాళీగా వదులుతారు. కొత్తవాడెవడైనా పెన్సిలు ఆనిస్తే, "ఆగరా, అది నాగోజీ గడి. అంబూబాయి వస్తుంది" అంటారు.

అబద్ధమంటారా? ఆ రోజు లైటు పట్టినాయన్ని అడగండి. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. ఆ తర్వాత ఇంకెప్పుడూ కొట్టలేదు. పేరు కొండ్రు పోలయ్య.