కంపయ్య బల్ల మీద రెండో చోటు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. చాలా పెద్ద అడవి. ఈ కొసన నిలబడి గొంతు చించుకున్నా ఆ కొసకు వినబడదు. అందుకే అక్కడి జంతువులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తక్కువ. ఎవరికేం కావాలన్నా చిలుకలతో కబురు పెట్టేవి. కొనడం, అమ్మడం కూడా అలాగే. మీ మామయ్య ఫోను ముందేసుకుని, కనబడని వాళ్ళతో పోటీపడి వేలం పాడుతుంటాడు చూశారా? అచ్చం అలాంటిదే. దాన్ని అక్కడ గాలివేలం అనేవారు.

గాలివేలానికి ఒక పద్ధతి ఉంది. అమ్మేవాళ్ళు తమ వస్తువు గురించి చిలుకకు చెప్తారు. చిలుకలు ఆ సంగతి చెట్టు చెట్టుకూ చాటుతాయి. కొనాలనుకున్నవాళ్ళు తలా ఒక ఆకును గుర్తుగా పెట్టుకుంటారు. దాని మీద గోటితో గీతలు గీసి పంపుతారు. ఎన్ని గీతలుంటే అన్ని దొన్నెల సారపప్పు ఇస్తామని అర్థం. ఆకు అందుకునేటప్పుడు చిలుక కళ్ళు మూసుకోవాలి. ఎవరు పాడుతున్నారో ఎవరికీ తెలియకూడదు కదా! పైపాటలనూ, అడిగినవాటికి జవాబులనూ కూడా చిలుకలు అలాగే చాటుతాయి. గడువు రోజున పొద్దు కొండ మీద వాలేసరికి ఎవరి పాట పైన ఉంటే వస్తువు వాళ్ళది. గెలిచినవాళ్ళు అమ్మినవాళ్ళ ఇంటికి స్వయంగా వెళ్ళాలి. వాళ్ళు పెట్టింది తిని, వస్తువు తెచ్చుకోవాలి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. మన కంపయ్య మరిచిపోయింది ఇదే.

కంపయ్య ఎవరంటారా? వాగు గట్టున బొరియలో ఒంటరిగా ఉండే ఏదుపంది. ఒంటి నిండా ముళ్ళే. మనసు మాత్రం వెన్న. ఏం లాభం? "కంపయ్య చాలా మంచివాడు" అని అందరూ అనేవారు, కాస్త దూరంగా నిలబడి.

ఒకప్పుడు కంపయ్య మద్దిచెక్కతో ఒక బల్ల చేశాడు. ఇద్దరు కూర్చునే బల్ల. పక్కన కూర్చున్నవాళ్ళకు తన ముళ్ళు గుచ్చుకోకూడదని మధ్యలో జానెడు ఖాళీ వదిలాడు. అవతలి చోటును రోజూ తుడిచేవాడు. ఎవరైనా వస్తారేమోనని దారి వంక చూసేవాడు. ఎవరూ రాలేదు. ఖాళీ చోటును చూసి చూసి విసిగిపోయాడు. చివరికి ఆ బల్ల కళ్ళెదుట లేకపోతేనే నయమనుకున్నాడు. పలుకులమ్మ అనే చిలుకను పిలిచాడు.

"అమ్మేస్తానమ్మా. చాటింపు వెయ్యి" అన్నాడు.

"తక్కువతో మొదలుపెట్టు. వస్తువు మంచిదైతే పాట అదే పెరుగుతుంది. లోపాలేమైనా ఉంటే ముందే చెప్పెయ్. దాచితే తర్వాత తిట్లు తినాలి" అంది పలుకులమ్మ.

"వెనక కాలు ఒకటి పొట్టి. కింద రాయి పెట్టాలి" అన్నాడు కంపయ్య.

మర్నాడే పలుకులమ్మ ఒక మోదుగాకు తెచ్చింది. దాని మీద రెండు గీతలున్నాయి.

"ఈ మోదుగాకు వారు ఒక మాట అడగమన్నారు. ఆ రాయి నున్నటిదా, గరుకుదా అని."

కంపయ్యకు నవ్వొచ్చింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఒకరు తనను ఒక మాట అడిగారు. జవాబు కోసం ఎక్కడో కాచుకుని ఉన్నారు. బల్ల కిందకు దూరి రాయిని మరోసారి తడిమి చూసి మరీ చెప్పాడు.

"గరుకుదే. అందుకే జారదు అని చెప్పమ్మా."

ఆ రోజంతా అతనికి ఆకలి కూడా గుర్తుకు రాలేదు. తెల్లారి మళ్ళీ పలుకులమ్మ కోసం చూశాడు. పలుకులమ్మ వచ్చింది కానీ ఆకు తేలేదు.

"మళ్ళీ ఏమీ అడగలేదా?" అన్నాడు.

"ఎందుకడుగుతారు? పోటీకి ఎవరూ లేరు. పైపాట వస్తే మళ్ళీ ఆకు పంపుతారు. లేకపోతే గడువు దాకా ఊరికే ఉంటారు" అని చెప్పి ఎగిరిపోయింది.

కంపయ్యకు దిగులు ముంచుకొచ్చింది. గడువు దాకా ఈ మౌనమేనా? బొరియలోకి వెళ్ళాడు, బయటికొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. అప్పుడు పుట్టింది అతనికి పాడు బుద్ధి. ఒక మర్రాకు తెంపాడు. దాని మీద మూడు గీతలు గీశాడు. పలుకులమ్మకు కనబడకుండా అవతలి మలుపులో ఉండే మరో చిలుక దగ్గరికి పోయాడు. ఆ చిలుక పద్ధతి ప్రకారం కళ్ళు మూసుకుని ఆకు అందుకుంది. తన బల్లకు తానే పాట పాడుకున్నాడన్నమాట! అతనికేమీ సారపప్పు మీద ఆశ లేదర్రా. ఇంకొక్క మాట వినబడుతుందేమోనని, అంతే.

వినబడింది. మోదుగాకు నాలుగు గీతలతో వచ్చింది.

"మధ్యలో ఆ ఖాళీ ఎందుకని అడుగుతున్నారు" అంది పలుకులమ్మ.

కంపయ్య ఆ ఖాళీని ఒకసారి తడిమాడు.

"పక్కన కూర్చున్నవాళ్ళకు నా వల్ల నొప్పి కలగకూడదని వదిలానని చెప్పు."

పలుకులమ్మ వెళ్ళగానే అతను మళ్ళీ మర్రాకు పట్టుకుని మలుపు దాకా పరుగెత్తాడు. మళ్ళీ మోదుగాకు వచ్చింది. ఈసారి దాని మీద ఆరు గీతలు.

"ఆ బల్ల మీద కూర్చుంటే ఏం కనబడుతుందట?"

"సాయంత్రం పూట వాగు మీద ఎండ కనబడుతుంది. ఇద్దరు చూస్తే ఇంకా బాగుంటుందేమో, నాకు తెలియదు" అన్నాడు కంపయ్య.

అలా చూస్తుండగానే గడువు రోజు వచ్చేసింది. పొద్దు దిగుతోంది. పాట మోదుగాకుదే పైన ఉంది. అతను ఊరికే కూర్చుని ఉంటే సరిపోయేది. కూర్చోలేకపోయాడు. ఇది అయిపోతే ఇక ప్రశ్నలుండవు, కబుర్లుండవు అనే భయం అతన్ని నిలవనీయలేదు. ఇంకొక్కసారి పెంచితే ఇంకొక్క మాట వస్తుందనుకున్నాడు. ఏడు గీతలు గీసిన మర్రాకు ఇచ్చి వచ్చి, గుమ్మంలో నిలబడి ఆకాశం వంక చూశాడు. పొద్దు కొండ మీద వాలింది. మోదుగాకు రాలేదు.

"మర్రాకుదే పాట!" అని చిలుకలు చెట్టు చెట్టుకూ చాటాయి.

పలుకులమ్మ వచ్చి గుమ్మం ముందు వాలింది. "శుభం కంపయ్యా! మంచి ధర పలికింది. రేపు మర్రాకు వారు నీ ఇంటికొస్తారు. దుంపలు కాల్చి, తేనె తీసిపెట్టు."

"మరి మోదుగాకు వారు?"

"ఆరు గీతలకు మించి పోకూడదని మొదటి రోజే అనుకున్నారట. తెలివైనవాళ్ళు అలాగే పాడతారు. పంతానికి పోయి ఇంట్లో గింజలన్నీ ఊడ్చిపెట్టరు. ఒక మాట మాత్రం చెప్పమన్నారు. బల్ల దక్కకపోయినా ఫరవాలేదట. దక్కి ఉంటే నీ ఇంటికొచ్చినప్పుడు, ఆ ఖాళీకి ఇటు నువ్వు, అటు తాను కూర్చుని వాగు మీద ఎండ ఒక్కసారి చూడాలనుకున్నారట."

కంపయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. గెలిచినవాళ్ళు ఇంటికొస్తారు! ఇంటికొచ్చే మనిషిని వదులుకుని, దూరం నుంచి వచ్చే మాటల వెంట పడ్డాడు తను. ఉండబట్టలేక జరిగిందంతా పలుకులమ్మకు చెప్పేశాడు.

పలుకులమ్మ ఒక గెంతు గెంతి అతని దగ్గరికొచ్చింది. "అయ్యో కంపయ్యా! నీ బల్ల నువ్వే కొనుక్కున్నావు కదయ్యా" అంది.

"వారెవరో చెప్పమ్మా. వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"నాకు మాత్రం ఏం తెలుసు? ఆకు అందుకునేటప్పుడు కళ్ళు మూసుకుంటాను" అంది పలుకులమ్మ. 

మర్నాడు కంపయ్య దుంపలు కాల్చాడు. ఎవరి కోసమో అతనికే తెలియదు. బల్లను దారి పక్కకు లాక్కొచ్చి, ఒక కొసన కూర్చున్నాడు. అప్పుడు ఆ దారిన చిన్న మూట పట్టుకుని ఒక అలుగు వచ్చింది. తల నుంచి తోక దాకా పెంకుల్లాంటి పొలుసులు. పేరు పెంకులమ్మ. ఎవరైనా దగ్గరికొస్తే భయంతో ఉండలా చుట్టుకుపోతుందని ఆమెతోనూ ఎవరూ చేరేవారు కాదు.

పెంకులమ్మ బల్లను చూసి ఆగింది. మధ్యలో ఖాళీని చూసింది. కింద గరుకు రాయిని చూసింది.

"మర్రాకు వారు మీరేనా అండీ? నేను మోదుగాకును. బల్ల మీకు దక్కడం సంతోషమే. దీన్ని చేసినవారు ఇంట్లో ఉన్నారా? ఒక్కసారి చూసి పోతాను."

అవునని ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కంపయ్య ముళ్ళన్నీ వాలిపోయాయి. తలెత్తకుండానే అన్నాడు.

"మర్రాకును నేనే. బల్ల చేసిందీ నేనే. మీరు అడగడం ఎక్కడ ఆపేస్తారోనని నేనే పాట పెంచానండీ. మీరు ఇంటికే వస్తారన్న సంగతి నాకు తోచనే లేదు."

పెంకులమ్మ ముఖం చిన్నబోయింది. ఒంటిని సగం ముడుచుకుంది. మళ్ళీ నెమ్మదిగా విప్పుకుంది.

"మీ జవాబుల కోసం నేనూ పొద్దస్తమానం ఎదురుచూశాను. రమ్మని ఒక్క మాట అని ఉంటే పాట గీట లేకుండానే వచ్చేదాన్ని కదండీ" అంది.

"ఇప్పుడు కూర్చోండి. దుంపలు వేడిగా ఉన్నాయి."

"ఎలా కూర్చోను? ఈ బల్ల దక్కితే ఈ గట్టునే ఉండిపోదామనుకున్నాను. దక్కలేదని వాగు అవతల ఒక పుట్ట చూసుకున్నాను. మబ్బు పట్టింది. వాగు పొంగకముందే దాటాలి."

నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "మీరు చేసింది నాకు బాధగానే ఉంది. అయినా నిజం చెప్పారు. వానలు తగ్గాక రండి. ఆకు పంపకండి, మీరే రండి."

ఆ సాయంత్రమే వాన మొదలైంది. వాగు గట్టు దాకా పొంగింది. ఇక వానాకాలమంతా అటు మనిషి ఇటు రాలేదు, ఇటు మనిషి అటు పోలేడు. కంపయ్య బల్లను బొరియ పక్క చెట్టు కిందకు లాక్కున్నాడు. తన చోట తను కూర్చున్నాడు. దుంపలు చల్లారిపోయాయి. అవతలి గట్టు వానలో కనబడడం లేదు. అయినా అటే చూస్తూ కూర్చున్నాడు. జల్లు బల్ల రెండో కొసన పడుతుంటే లేచి వెళ్ళి, ఆ చోటు తడవకుండా టేకాకులు కప్పాడు.

నీతి: తోడు కావాలనుకుంటే నోరారా పిలవాలి. ఎత్తులు వేసి ఆపాలని చూస్తే గుమ్మం దాకా వచ్చేవాళ్ళు కూడా దూరమైపోతారు.