ఆన్సర్ ఊరి ఊటబావి

అమెరికా దేశం నడిమధ్యన, కాన్సాస్ రాష్ట్రపు గోధుమచేల నడుమ ఆన్సర్ అనే చిన్న ఊరు ఉంది. రైలు ఇప్పుడు ఇక్కడ ఆగదు. బడి మూతపడి చాలా కాలమైంది. ఒక తెల్లని చర్చి, ధాన్యం నిలవచేసే ఎత్తైన గాదె, గాలికి ఎదురొడ్డి నిలిచిన కొన్ని ఇళ్ళు, చర్చి వెనుక పల్లంలో రాతిగట్టు కట్టిన ఒక ఊటబావి. ఊరంతా ఇంతే. ఆంగ్లంలో ఆన్సర్ అంటే బదులు పలకడం. ఊరికి ఈ పేరు ఆ బావి దగ్గరే పుట్టిందని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, నీడకు చెట్టు లేదు. కనుచూపు మేర గడ్డి మాత్రమే ఉండేది. నార్వే దేశం నుంచి ఓడలెక్కి వచ్చిన కొన్ని కుటుంబాలు ఈ నేలను దున్ని, గడ్డివేళ్ళు పట్టిన మట్టిపెళ్ళలతో ఇళ్ళు కట్టుకున్నాయి. వారిలో గుద్రున్ అనే ఇల్లాలు, ఆమె భర్త ఈవార్ ఉన్నారు. వారికి సంతానం లేదు. ఏటికేడాది వానలు మొహం చాటేయడంతో బావులన్నీ ఎండిపోయాయి. ఆ వేసవిలోనే ఈవార్ జ్వరం వచ్చి కన్నుమూశాడు.

మిగిలినవారు బళ్ళు కట్టుకొని తూర్పుగా బయలుదేరారు. వారిలో పెద్దవాడైన హల్వర్, గుద్రున్ వాకిట బండి ఆపి, తమతో రమ్మని ఎంతో బతిమాలాడు. ఆమె గడప దిగలేదు.

"ఆయన్ని ఈ మట్టిలో ఒంటరిగా వదిలి ఎలా రాను బాబాయ్? మీరంతా వెళ్ళిపోతే ఇక్కడ ఆయనకు నేను తప్ప తెలిసినవాళ్ళు లేరు" అంది.

హల్వర్ తన నీళ్ళపీపా ఒకటి ఆమె గుమ్మంలో దించి వెళ్ళిపోయాడు. బళ్ళ వెనుక లేచిన దుమ్ము అణిగిపోయాక కూడా ఆమె అటే చూస్తూ నిలబడింది.

చలికాలం వచ్చింది. గుద్రున్, ఒక ఆవు మిగిలారు. మంచు కరిగించుకొని ఇద్దరూ తాగారు. మొదట్లో ఆమె ఆవుతో మాట్లాడేది. పోనుపోను అదీ మానేసింది. గాలి తప్ప మరో చప్పుడు లేని ఆ ఇంట్లో ఆమె గొంతు మూగబోయింది.

మంచు కరిగిపోయి నీళ్ళకు కటకట మొదలైనప్పుడు, ఒక తెల్లవారుజామున ఈవార్ కలలో కనబడ్డాడు. "ఆవు పడుకునే చోట తవ్వు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎలా ఉన్నావని అడగలేదు. గుద్రున్ లేచి కూర్చుని, ఆ ఒక్క మాట అడగనందుకు ఏడ్చింది.

అయినా పార తీసుకొని ఆవు వెంట వెళ్ళింది. అది ఇంటి వెనుక పల్లంలో, గడ్డి కాస్త పచ్చగా ఉన్న చోట పడుకుంది. దాన్ని లేపి తవ్వసాగింది. అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయినా రోజూ తవ్వింది. చివరికి మనిషి లోతున మట్టి తడిసి చల్లని ఊట పైకి ఉబికింది. కడుపారా తాగి, సంగతి చెబుదామని ఈవార్ సమాధి దగ్గరకు వెళ్ళింది. నోరు తెరిచింది గానీ మాట పెగల్లేదు.

కొన్నాళ్ళకు దక్షిణం వైపు నుంచి ఒక కంచరగాడిద బండి వచ్చింది. బానిసత్వం నుంచి బయటపడి, సొంత నేల వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి దంపతులు గిడియన్, డెల్ఫియా అందులో ఉన్నారు. డెల్ఫియా ఒడిలోని పసిబిడ్డ ఏడ్చే ఓపిక కూడా లేక వాలిపోయి ఉంది. దారిలో ఏ బావి దగ్గరా వారిని చేరనివ్వలేదు. గిడియన్ టోపీ తీసి, దూరంగానే నిలబడి నీళ్ళడిగాడు. గుద్రున్‌కు ఆ భాష రాదు, అయినా అర్థమైంది. రమ్మని చెప్పబోయింది. పెదవులు కదిలాయి, చప్పుడు లేదు.

ఆ మౌనం గిడియన్‌కు కొత్త కాదు. "ఇక్కడా అంతే, పోదాం పద" అని భార్యతో చెప్పి బండి తిప్పాడు.

బండి వెనక్కి తిరగడం గుద్రున్ చూసింది. గడ్డిలో పడుతూ లేస్తూ వెంట పరుగెత్తింది. ఏదో ఒకటి అనాలి. ఆ క్షణాన ఆమె నోటికి వచ్చిన మాట ఒక్కటే.

"గుద్రున్."

బొంగురుగా, తనకే పరాయిదిగా వినిపించింది. బండి ఆగింది. డెల్ఫియా బిడ్డను ఎత్తుకొని దిగి వచ్చి, ఆమె ముఖంలోకి చూసింది. తన గుండె మీద చెయ్యి వేసుకొని "డెల్ఫియా" అని బదులు పలికింది. ముగ్గురూ బిడ్డతో బావి దగ్గరకు నడిచారు.

గిడియన్ కుటుంబం అక్కడే స్థిరపడింది. తరువాత వచ్చినవారితో ఊరు ఏర్పడింది. గుద్రున్ ముసలితనంలో కాలం చేసినప్పుడు గిడియన్ ఆమెను ఈవార్ పక్కనే ఉంచాడు.

నేటికీ ఇక్కడికి వచ్చినవారు బావిగట్టు దగ్గర నిలబడి తమ పేరు గట్టిగా పలకాలి. ఊరివారెవరైనా వచ్చి, తమ పేరు చెప్పి, నీళ్ళు తోడి ఇస్తారు. ఆ నీరు తాగినవారు ఎంత దూరదేశంలో ఉన్నా దిక్కులేనివారు కారని ఇక్కడివారి నమ్మకం. ఊరు చిన్నదైపోయింది, ఉన్నవారిలో చాలామంది వృద్ధులు. కాబట్టి పేరు చెప్పిన యాత్రికులు బదులు రాలేదని వెనుదిరగవద్దు. తలుపు తీసి, చేతికర్రతో ఆ పల్లం దిగి రావడానికి కొంత సమయం పడుతుంది. వారు తప్పక వస్తారు.